పేజీ నంబరు 6413

మంత్రిగారి కాగితాల్లోంచి ఊడబెరికిన గుండుసూదులు సోమవారం మధ్యాహ్నానికి జాం సీసాలో మెడ దాకా వచ్చాయి. పిన్నులమ్మ సీసాకు మూత బిగించి, చేతుల తుప్పు గుడ్డకు తుడుచుకుని, ఇరవై రెండో పెట్టెను ముందుకు లాక్కుంది.

ఆమెకు వాళ్ళ నాన్న పెట్టిన పేరు హాజరు పట్టీలో భద్రంగానే ఉంది. ఆర్కైవ్స్‌లో ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం లేరు. పాత కాగితాల పిన్నులూ క్లిప్పులూ తీయడం, దుమ్ము దులపడం, మడతలు సాపు చేయడం, ఆనక ఒక్కొక్క కాగితానికి కుడివైపు పైమూలన పెన్సిలుతో నంబరు వేయడం, ఇదీ పద్నాలుగేళ్ళుగా ఆమె పని. జాబితాలు టైపు చేసే అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో "పిన్నులు తీసే పిన్నిగారు" అని ముద్దుగా మొదలుపెట్టింది. అది నోళ్ళలో నలిగి నలిగి పిన్నులమ్మ అయింది. ఆమె నొచ్చుకోలేదు. అంతకుముందు అందరూ "ఇదిగో, నిన్నే" అని పిలిచేవాళ్ళు.

మంత్రిగారు పోయి రెండేళ్ళు. పదవి పోయి అంతకు చాలా ఏళ్ళయినా, ఒకసారి మంత్రి అయినవాడు చచ్చాక కూడా మంత్రిగారే. ఆయన ఒక్కగానొక్క కూతురు పళ్ళ డాక్టరు. ఇల్లు ఖాళీ చేస్తూ, మేడ మీద గదిలో కనిపించిన కాగితమల్లా లారీకెత్తించి ఆర్కైవ్స్‌కు పంపింది. మొత్తం అరవై నాలుగు పెట్టెలు. ఉపన్యాసాల చిత్తుప్రతులు, పై నాయకుల ఉత్తరాలు, పెళ్ళిపిలుపులు, మందుల చీటీలు, అర్జీలు. అర్జీలే పదిహేను పెట్టెలు. ఒకదాంట్లో ఎండిపోయిన బల్లి కూడా ఉంది. దానికి మాత్రం నంబరు వేయలేదు.

ఆ పొద్దున డైరెక్టరు పని గదిలోకి వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని ఒక కబురు చెప్పి వెళ్ళాడు.

"శుక్రవారం డాక్టరమ్మ వస్తోంది. మిగతా పెట్టెలు ఒకసారి చూసుకుంటుందట. వాళ్ళ నాన్నగారి సొంత విషయాలేవైనా ఉంటే తీసుకెళ్తుంది. కుర్చీలు తుడిచిపెట్టండి."

"తీసుకెళ్ళిపోవచ్చా సార్?" అంది టైపు అమ్మాయి.

"ఒప్పందం చదవలేదా? నంబరు పడి, జాబితాకెక్కిన కాగితం ఇక ఇక్కడిదే. దాన్ని వెనక్కి ఇవ్వం. కావాలంటే ఇరవై ఏళ్ళు మూసి ఉంచమని అడగొచ్చు. నంబరు పడనిది ఇంకా వాళ్ళదే."

ఆ షరతు డైరెక్టరు స్వయంగా రాసుకున్నది. అంతకుముందు ఒక జడ్జిగారి కొడుకు సూట్‌కేసుతో వచ్చి రెండు పెట్టెల ఉత్తరాలు ఎంచక్కా పట్టుకుపోతే, ఈయన గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. ఆ అవమానం లోంచి పుట్టిన షరతు అది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆయనకు ఛాతీ కొంచెం విరుచుకుంటుంది.

పిన్నులు తీసే పని ఎప్పుడూ నంబర్ల కన్నా నాలుగైదు పెట్టెలు ముందు నడుస్తుంది. నంబర్లు పదిహేడో పెట్టె చివర, ఐదువేల పన్నెండు దగ్గర ఆగి ఉన్నాయి. ఇరవై రెండో పెట్టెలో పిన్నులమ్మ ఒక్కో అర్జీనీ ఎత్తి, తుప్పు పట్టిన సూది కింద సన్నని ఎముక బద్ద దూర్చి, కాగితం చిరగకుండా సూదిని పక్కకు జార్చి తీస్తోంది. ఏది దేనికి గుచ్చి ఉందో అవి రెండూ విడిపోకుండా ఒక మడత కాగితంలో పెడుతుంది. అర్జీలు చదవదు. చదవడం మొదలుపెడితే ఈ జన్మకు పని తెమలదని మొదటి ఏడాదే తెలుసుకుంది.

సగం పెట్టె అయ్యాక ఒక అర్జీ చేతికి వచ్చింది. తన చేతిరాతను మనిషి వెంటనే పోల్చుకోలేడు. ఎవరిదో గాని రాత గుండ్రంగా బాగుందే అనుకుంది ముందు. తర్వాత కింద ఉన్న సంతకం చూసింది. అది ఆమె భర్త సంతకం. చివరి అక్షరం తోక పక్క గీతలోకి పోతుంది. ఆ తోకను ఆమె పెళ్ళయిన నాటి నుంచీ చూస్తోంది.

"అయ్యా, నేను నీటి సరఫరా కేంద్రంలో పంపు ఆపరేటరుగా పనిచేసినవాణ్ణి," అని మొదలైంది అర్జీ. "రోజూ వేయాల్సిన బ్లీచింగ్ పౌడరు వేళ తప్పకుండా నీళ్ళలో వేశాను. కొత్తగా వచ్చిన డబ్బాల్లో పౌడరుకు వాసనే లేదని పైవాళ్ళకు రెండుసార్లు చెప్పాను. నీళ్ళు తాగి జనం మంచాన పడి, ఇద్దరు పోయాక, నేను పౌడరు వేయలేదని రాసి నన్ను తీసేశారు. మిగిలిన డబ్బాలను పరీక్ష చేయించమని వేడుకుంటున్నాను."

పంతొమ్మిదేళ్ళ కిందట వంటగది అరుగు మీద పెట్టుకుని, మూడు చిత్తులు చించేసి, నాలుగోసారి సాపుగా రాసింది. అర్జీకి ఎడమ మూలన ఒక చిన్న చీటీ గుచ్చి ఉంది. చీటీ మీద ఆకుపచ్చ సిరా. మంత్రిగారి రాత ఆమెకు ఈ మూడు నెలల్లో కొట్టినపిండి అయింది.

"చూశాను. ఇతని తప్పు లేదు, పౌడరే చెడ్డది. ఇప్పుడు కదిపితే మనవాళ్ళు ఇరుక్కుంటారు. పక్కన పెట్టండి."

కింద పొట్టి సంతకం, తేదీ.

పిన్నులమ్మ తేదీ మరోసారి చూసి, వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. పదకొండు రోజులు. ఆ చీటీ రాసిన పదకొండు రోజులకు మంత్రిగారి ఇంటి గేటు దగ్గర వాళ్ళిద్దరూ నిలబడ్డారు. ఆయన కారెక్కబోతూ ఆగి, ఆమె భర్త భుజం మీద చెయ్యి వేసి, "నీ కాగితం నా దాకా రాలేదయ్యా. వచ్చుంటే చూడనా?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, ఆమె కూడా నమ్మింది.

"టీ వచ్చింది పిన్నిగారూ," అని పిలిచింది టైపు అమ్మాయి.

"వస్తున్నా," అని, సూది తీయకుండానే ఆ రెండు కాగితాలనూ బల్ల మీది అద్దుడు అట్ట కిందికి తోసింది. పద్నాలుగేళ్ళలో ఒక కాగితాన్ని దాని చోట కాకుండా ఇంకో చోట పెట్టడం అదే మొదలు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త కిటికీ దగ్గర కూర్చుని బస్సు పాసు ఫారం నింపుతున్నాడు. పక్కన విప్పిన టేబుల్ ఫ్యాను, స్క్రూలు సాసరులో. చుట్టుపక్కల ఫ్యాన్లు, మిక్సీలు ఆయన దగ్గరికే వస్తాయి. ఎవరైనా ఏం పని చేస్తారని అడిగితే మాత్రం "ఏదో కాలక్షేపం" అంటాడు.

ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టింది. ఆయన గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు తాగాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎక్కడ ఏ గ్లాసు ఇచ్చినా అంతే. కొత్త చుట్టాల ఇంట్లో కూడా. కోడలు మొదట్లో మామయ్యగారికి తన చేతి శుభ్రం మీద అనుమానమనుకుని ముఖం మాడ్చుకునేది.

ఫారంలో వృత్తి అన్న చోట అడ్డగీత గీసి, కిందికి దిగాడు.

"అక్కడ ఫ్యాన్ల రిపేరని రాయొచ్చుగా," అంది.

"అది వృత్తేమిటి. వృత్తంటే మనకో పేరు ఉండాలి." పెన్ను మూత పెట్టాడు. "ఏ పెట్టె దాకా వచ్చారు?"

"ఇరవై రెండు."

"అర్జీలేనా?"

"ఆఁ."

"మనది దొరుకుతుందేమో చూస్తూ ఉండు. ఏ గుమస్తా కట్టలోనో ఉండుంటుంది, విప్పకుండా. దొరికితే తెలిసిపోతుంది, ఆయన దాకా రానీలేదని." ఆయన సాసరులోంచి ఒక స్క్రూ ఏరి, వెలుతురుకు పట్టుకుని చూశాడు. "వచ్చుంటే చూసేవాడే. ఆయన అలాంటివాడు కాదు."

ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో. మంత్రిగారు పోయిన రోజు ఎండలో రెండు గంటలు వరుసలో నిలబడి, ముఖం చూసి వచ్చి కూడా ఇదే అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ఏళ్ళ తరబడి "నీళ్ళు చెడగొట్టిన మనిషి" అని చెవులు కొరుక్కుంటుంటే, ఆయన పట్టుకుని వేలాడిన కొమ్మ ఇదొక్కటే. పిన్నులమ్మ చెబుదామని నోరు తెరిచి, "కూరలో ఉప్పు ఎక్కువైందేమో చూడండి" అంది. అప్పటికింకా కూర వండనే లేదు.

మంగళవారం పొద్దున అందరికన్నా ముందు వచ్చింది. అట్ట కింద చెయ్యి పెట్టి తడుముకుంది. ఉన్నాయి. చీటీ ఆమె అరచేతి కన్నా చిన్నది. క్యారియరు సంచిలో పెట్టుకుంటే గేటు దగ్గర గార్డు చూడడు. చూసినా పిన్నులమ్మ సంచిని అనుమానించేవాడు పుట్టలేదు. శుక్రవారం ఆ పళ్ళ డాక్టరు వచ్చి చూసిందంటే, ఇది ఆమె బ్యాగులోకి పోతుంది. అంతే, ఇతని తప్పు లేదని రాసిన ఒకే ఒక్క కాగితం ఇక ఎక్కడా ఉండదు. సంచి నోరు తెరిచింది.

టైపు అమ్మాయి తలుపు తోసుకుని వచ్చి, వస్తూ వస్తూనే మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, నిన్న మీరు వెళ్ళాక ఒకాయన వచ్చాడు. వాళ్ళ తాతకు మంత్రిగారు రాసిన ఉత్తరమట, ఇంట్లో దొరికిందట. దాని మీద స్థలం ఏదో ఇస్తానని ఉంది. డైరెక్టరుగారు చూసి, చేతికిచ్చి పంపించేశారు."

"ఎందుకు? రాత ఆయనది కాదా?"

"ఆయనదే కావచ్చు, ఎవరైనా రాసిందీ కావచ్చు. ఏ పెట్టెలోంచి వచ్చింది, దీని ముందు ఏముంది, వెనక ఏముంది చెప్పలేనప్పుడు, రేపు నువ్వే రాసుకున్నావంటే ఏం చెప్తావయ్యా అన్నారు. పాపం, ఆయన ముఖం ఇంతయింది."

పిన్నులమ్మ సంచి నోరు మూసేసింది. అర్జీ రాత ఎలాగూ తనదే. పద్నాలుగేళ్ళుగా మంత్రుల కాగితాల మధ్య కూర్చునేది తనే. చీటీ కూడా నువ్వే రాసుకున్నావంటే ఇంట్లో భర్త తప్ప నమ్మేవాడుండడు. ఆ భర్త కూడా, మంత్రిగారి మీది నమ్మకంతో, నమ్మకపోవచ్చు.

ఆమె కూర్చుని సూది తీసింది. అర్జీ, చీటీ మీద తుప్పు చుక్కలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడి ఉన్నాయి. రెండింటినీ మడత కాగితంలో పెట్టి, ఇరవై రెండో పెట్టెలో వాటి ముందున్న అర్జీకీ వెనకున్న అర్జీకీ మధ్య, ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టింది. తర్వాత పద్దెనిమిదో పెట్టె తీసి, పెన్సిలు చెక్కి, 5013 వేసింది.

ఇరవై రెండో పెట్టెను ముందుకు లాగి నంబరు వేసేయవచ్చు. ఎవరూ చూడరు. కాని వరస తప్పిన నంబరు నంబరు కాదు, పిచ్చిగీత. దానికి తోడు అది తన అర్జీ అయినప్పుడు, దొంగతనానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. వరసలో పోవాలి. మామూలుగా రోజుకు మూడొందలు. ఆ లెక్కన శుక్రవారానికి ఇరవై ఒకటో పెట్టె మొదట్లో ఉంటుంది. రోజుకు ఐదొందల యాభై వేస్తే గురువారం సాయంత్రానికి అందుకోవచ్చు.

కుడిచేత్తో నంబరు, ఎడమచేత్తో కాగితం తిప్పడం. రెండు కాగితాలు అంటుకుని పోకుండా ప్రతి మూలనూ బొటనవేలితో ఒకసారి విసరడం. టీకి లేవలేదు. అన్నం పావుగంటలో ముగించింది. మంగళవారం ఐదు గంటలకు 5561.

"ఏంటి పిన్నిగారూ, రైలేమైనా అందుకోవాలా?" అంది టైపు అమ్మాయి.

"అలాగే అనుకో."

బుధవారం పీకల మీదికి వచ్చింది. పదకొండు గంటలకు వెనక్కి తిప్పి చూసుకుంటే 5690 రెండుసార్లు పడి ఉంది. తొందరలో ఒక్కసారి తల పక్కకు తిప్పిన ఫలితం. అప్పటికి దాని తర్వాత తొంభై రెండు కాగితాలకు నంబర్లు పడ్డాయి. అలాగే వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆమె మెత్తని రబ్బరు తీసుకుని, తొంభై రెండింటినీ ఒక్కొక్కటిగా చెరిపి, పొట్టు కుంచెతో దులిపి, మళ్ళీ వేసింది. గంటన్నర పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, అవి కాగితం మీద పడితే అదొక పనవుతుందని తల వెనక్కి పెట్టుకుని కాసేపు పైకప్పు చూసింది.

గురువారం ఒకటిన్నరకు ఇరవై రెండో పెట్టె మధ్యకు వచ్చింది. అర్జీ వచ్చింది. 6412. చీటీ వచ్చింది. 6413. మిగతావి ఎంత పరిమాణంలో వేసిందో ఇవీ అంతే వేసింది. అక్కడ ఆగలేదు. పెట్టె పూర్తి చేసి, ఇరవై మూడు తీసి, చేతివేళ్ళు బిగుసుకుపోయే దాకా వేసింది. నాలుగున్నరకు 6705 దగ్గర పెన్సిలు కింద పెట్టింది.

"ఇరవై రెండు దాకా జాబితాకు ఎక్కించెయ్యమ్మా," అంది టైపు అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళి.

"సోమవారం చేస్తాలెండి. రేపెలాగూ డాక్టరమ్మతో సరిపోతుంది."

"ఇవాళే చెయ్యి తల్లీ."

ఆ గొంతులో ఏం వినిపించిందో, అమ్మాయి మారుమాట్లాడకుండా కాగితం టైపు మిషను వైపు జరుపుకుంది. అడగనూ లేదు. కొందరికి వయసుతో పనిలేకుండా ఆ తెలివి ఉంటుంది. ఐదుంబావుకు జాబితా తయారై, డైరెక్టరు బల్ల మీదికి వెళ్ళి, సంతకమై వచ్చింది. ఆయన జాబితాలు చదవడు. సంతకం మాత్రం అందంగా పెడతాడు.

డాక్టరమ్మ శుక్రవారం పదింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చేతికి గడియారం తప్ప ఏమీ లేదు. కాగితాలను చూడడంలో కూడా వృత్తి పోలేదు. ఒక్కో బొత్తినీ దగ్గరగా పట్టుకుని, ఏది ఉంచాలి ఏది పీకాలి అన్నట్టు చూస్తోంది. తండ్రి తన తల్లికి రాసిన ఉత్తరాలు కొన్ని నలభయ్యో పెట్టెలో దొరికితే తీసి పక్కన పెట్టుకుంది. వాటికి నంబర్లు లేవు. డైరెక్టరు తల ఊపాడు.

మధ్యాహ్నం ఆమె అర్జీల పెట్టెల వైపు తిరిగింది.

"ఇవన్నీ జనం రాసినవా?"

"అవును మేడం. మీ నాన్నగారి నోట్‌లు కూడా ఉన్నాయి కొన్నిటి మీద," అన్నాడు డైరెక్టరు ఉత్సాహంగా. "చరిత్రకారులకు పండగ."

ఆమె ఇరవై తీసింది, తిరగేసి పెట్టింది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. పిన్నులమ్మ తన బల్ల దగ్గర ఇరవై మూడో పెట్టె ముందు కూర్చుని ఉంది. పెన్సిలు చేతిలోనే ఉంది గాని, 6706 వేసి అక్కడే ఉండిపోయింది.

కాగితాలు తిప్పే చప్పుడు ఆగింది.

"ఇది నేను తీసుకెళ్తాను," అంది డాక్టరమ్మ. చీటీ ఆమె వేళ్ళ మధ్య ఉంది.

డైరెక్టరు వంగి చూశాడు, చదివాడు. ముఖంలో పండగ పోయింది. "మేడం, దానికి నంబరు పడింది. జాబితాలో కూడా..."

"పెన్సిలేగా."

"పెన్సిలే అనుకోండి..." అన్నాడు డైరెక్టరు. ఇంకా నలభై పెట్టెలకు నంబర్లు పడలేదు. ఈమెకు కోపం వస్తే నలభై పెట్టెలూ మళ్ళీ లారీ ఎక్కుతాయి. జడ్జిగారి కొడుకు సూట్‌కేసు ఆయన కళ్ళ ముందు ఒకసారి మెదిలి ఉంటుంది. అయినా ఆయన పిన్నులమ్మ వైపు తిరిగాడు. "రబ్బరుందా అమ్మా?"

రబ్బరు పిన్నులమ్మ ఎడమ మోచేతి పక్కనే ఉంది. ఆమె దాన్ని తీసుకుని లేచి, వచ్చి, డైరెక్టరు ముందు బల్ల మీద పెట్టింది.

"చెరపొచ్చు సార్. కాని దీని తర్వాత రెండొందల తొంభై మూడు నంబర్లు పడ్డాయి. ఇదొక్కటి తీస్తే 6412 తర్వాత 6414 ఉంటుంది. మధ్యలో నంబరు లేకపోతే ఎందుకు లేదో జాబితాలో రాసి మీరు సంతకం పెట్టాలని మీరే పెట్టిన రూలు. ఏమని రాయమంటారు?"

డైరెక్టరు రబ్బరు వైపు చూశాడు గాని ముట్టుకోలేదు. తను పెట్టిన రూలు తన ముందుకే వచ్చి కూర్చుంటే మనిషికి ఎటు చూడాలో తోచదు.

డాక్టరమ్మ పిన్నులమ్మను మొదటిసారి పరీక్షగా చూసింది.

"నంబర్లు వేసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఇందులో ఉన్నది చదివే వేశారా?"

"చదివే వేశాను. వరసలోనే వేశాను. ఒక్కటి దాటలేదు, ఒక్కటి ముందుకు లాగలేదు. కావాలంటే చూసుకోండి."

"ఈ అర్జీ పెట్టినతను ఎవరో తెలుసా మీకు?"

"మా ఆయన," అంది పిన్నులమ్మ. "అర్జీ రాసింది నేను."

డైరెక్టరు ముక్కు మీద కళ్ళజోడు సవరించుకున్నాడు. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. అర్జీ తీసి, ఈసారి మొదటి నుంచి చదివింది. తొందరపడలేదు. తర్వాత చీటీ మళ్ళీ చదివింది.

"నా ప్రోగ్రెస్ కార్డు మీద కూడా ఈ సిరాతోనే సంతకం పెట్టేవాడు," అంది ఎవరితోనో అన్నట్టు. "ఆయనకు మళ్ళీ ఉద్యోగం ఇచ్చారా?"

"లేదమ్మా."

"బతికే ఉన్నారా?"

"ఉన్నారు. అరవై ఎనిమిది."

డైరెక్టరుకు అప్పుడు దారి దొరికింది. సొరుగులోంచి ఒక ఫారం తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. "మేడం, ఒప్పందం ప్రకారం మీరు దీన్ని మూసి ఉంచమని అడగొచ్చు. ఇరవై ఏళ్ళ దాకా. ఎన్నేళ్ళో ఇక్కడ రాస్తే చాలు. కాగితం భద్రంగా ఉంటుంది, ఎవరూ చూడరు."

ఆ షరతు పిన్నులమ్మకు తెలుసు. మూడు రోజులుగా తెలిసే పనిచేసింది, కాని దాని ముఖం చూడకుండా పనిచేసింది. ఇరవై ఏళ్ళంటే ఆయనకు ఎనభై ఎనిమిది. కాగితం ఉంటుంది, ఆయన ఉండడు. అంతకన్నా ఈమె పట్టుకుపోవడమే నయం.

డాక్టరమ్మ బ్యాగులోంచి పెన్ను తీసింది.

"ఈ గదిలో పెన్ను వాడకూడదమ్మా," అంది పిన్నులమ్మ. ఎందుకు అందో ఆమెకే తెలియదు. పద్నాలుగేళ్ళ అలవాటు. తన పెన్సిలు ముందుకు చాపింది.

డాక్టరమ్మ పెన్సిలు అందుకుంది. ఎన్నేళ్ళు అన్న గడి దగ్గర దాని మొన ఆనించి, అలాగే ఉంచింది. తర్వాత పెన్సిలు ఫారం మీద అడ్డంగా పెట్టి లేచింది. చీటీని అర్జీ మీద, తుప్పు చుక్క తుప్పు చుక్కకు తగిలేలా పెట్టి, మడత కాగితం మూసి పెట్టెలో ఉంచింది.

"మిగతా పెట్టెలు నేను చూడనక్కర్లేదు," అంది డైరెక్టరుతో. "వరసలోనే నంబర్లు వేయించండి."

తల్లి ఉత్తరాలు బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. క్షమించమని అనలేదు. పిన్నులమ్మకూ అది వినాలని లేదు. తండ్రి చేసినదానికి కూతురు నోటి మాట ఏం సరిపోతుంది?

డైరెక్టరు ఖాళీ ఫారం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఏమీ రాయకపోతే?" అని అడిగింది టైపు అమ్మాయి.

"ఏమీ రాయకపోతే తెరిచి ఉన్నట్టే," అన్నాడు. రబ్బరు తీసి పిన్నులమ్మ బల్ల మీద తనే పెట్టి, ఆమె ముఖం చూడకుండా బయటికి నడిచాడు.

సోమవారం ఆమె భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "మన అర్జీ దొరికింది, వచ్చి చూసుకోండి" అని తప్ప ఆమె ఇంకేమీ చెప్పలేదు. విప్పకుండా ఉందా అని ఆయన శనివారం ఒకసారి, ఆదివారం రెండుసార్లు అడిగాడు. ఆమె మీరే చూడండి అంది.

చదివే గదిలో అటెండరు కార్డు ఇచ్చాడు. పేరు, చిరునామా, వృత్తి, ఏ పని మీద వచ్చారు. వృత్తి దగ్గర మామూలుగా అడ్డగీత గీశాడు. చివరిదానికి కాస్త ఆలోచించి "చూసుకోవడానికి" అని రాశాడు. అటెండరు నవ్వి పెట్టె తెచ్చాడు. పిన్నులమ్మ పక్కన నిలబడి 6412 దగ్గర తెరిచి పెట్టింది.

ఆయన అర్జీ చదివాడు. వేలు గీత వెంట పోతూ, వాసనే లేదన్న చోట ఒకసారి ఆగింది. తర్వాత చీటీ. చీటీ మీద నాలుగు ముక్కలే. కాని ఆయన వాటిని ఎంతసేపు చదివాడంటే, పక్క బల్ల దగ్గర కుర్ర విద్యార్థి తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. తేదీ మీదికి వేలు వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. గేటు దగ్గర రోజు ఆయనకూ గుర్తే.

పిన్నులమ్మ ఆయన భుజం వైపు చూసింది. మంత్రిగారు చెయ్యి వేసిన భుజం అది. ఇప్పుడది కొంచెం కిందికి జారింది.

"చూశాడన్నమాట," అన్నాడు.

ఆమె పెట్టెను ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

ఆయన మళ్ళీ చీటీ వైపు చూసి, "పౌడరే చెడ్డదని రాశాడు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "వాసన లేదని నేను చెప్పానా లేదా?"

"చెప్పారు."

"రెండుసార్లు చెప్పాను."

"రెండుసార్లు చెప్పారు."

ఆయన చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. కాగితానికి దూరంగా జరిగి మరీ తుడుచుకున్నాడు. తర్వాత అటెండరును పెన్సిలూ కాగితమూ అడిగి తీసుకుని, చీటీలో ఉన్నదంతా కాపీ చేసుకున్నాడు. పక్కన పెట్టండి అన్నదాంతో సహా. కింద పెట్టె నంబరు, పేజీ నంబరు వేసుకున్నాడు. టైపు అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, దీనితో కోర్టుకు కూడా వెళ్ళొచ్చు బాబాయిగారూ అంది. చూద్దాం అన్నాడు.

పెట్టె మూసి అటెండరుకు అప్పగించి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చాడు.

"బాబూ, నా కార్డు ఒకసారి ఇస్తావా?"

అటెండరు కార్డుల డబ్బాలోంచి వెతికి ఇచ్చాడు. "ఏమైంది, తప్పు పడిందా?"

"తప్పు పడింది," అన్నాడాయన.

పిన్నులమ్మ తన కొంగున ముడేసుకున్న రబ్బరు విప్పి ఇచ్చింది. ఆయన అడ్డగీతను నెమ్మదిగా చెరిపి, పొట్టు ఊది, వృత్తి అన్న చోట పంపు ఆపరేటరు అని రాసి, కార్డు అటెండరుకు ఇచ్చేశాడు.